పొట్టు గదిలో నూలు

మా అత్త ఖజానీకి చుక్కల మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. ఏటా దీపావళికి ఎనిమిది రోజుల ముందు అహోయీ తల్లి ఉపవాసం వస్తుంది. ఆ రోజు తెల్లారింది మొదలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి, సాయంత్రం మొదటి చుక్క కంటబడ్డాకే గొంతు తడుపుకునేది. కొడుకులున్న తల్లులు చేసే ఉపవాసం అది. కొడుకు చల్లగా ఉండాలని. కూతుళ్ళ కోసం ఏ ఉపవాసమూ లేదు మా వైపు. ఆడపిల్లలు గట్టిపిండాలు, ఎంత తోసినా పోరు అనేది మా అత్త. ఆ మాటలో ఎంత నిజముందో ఆ ఏడు మా ఇద్దరికీ తెలిసొచ్చింది.

నా పేరు బీర్మతి. జీంద్ వైపు ఈ ఊరికి కోడలిగా వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో ఊళ్ళో మగవాళ్ళు నా పాదాలు తప్ప ఏమీ చూడలేదు. నేను వాళ్ళ చెప్పులు తప్ప ఏమీ చూడలేదు. ముసుగు దించుకుంటే లోకం గజం దూరంలో ఆగిపోతుంది. మొదట్లో ఊపిరాడేది కాదు. తర్వాత ఆ ముసుగులోనే నాతో నేను మాట్లాడుకోవడం అలవాటైంది. వేరే ఎవరున్నారు కనక? నా మొగుడు రోహ్తాస్ లారీ నడుపుతాడు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ నాలుగూ నిద్రపోతాడు. పుట్టింటికి ఫోన్ చేస్తే మా అమ్మ ముందు గేదె ఈనిందా అని అడిగేది, తర్వాత నువ్వెలా ఉన్నావనేది, జవాబు వినకుండానే సర్దుకుపోవే తల్లీ అనేది.

నాకొక కూతురు, భతేరీ. మా మాటలో ‘ఇక చాలు’ అని. ఆ పేరు నేను పెట్టలేదు. ఐదేళ్ళ పిల్లని పొద్దున్నే ‘ఇక చాలూ, లేమ్మా’ అని లేపుకోవాల్సిన తల్లి బతుకు ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

ఒక్క కూతురికే చాలనుకున్నారా అంటారేమో. దానికి ముందు ఒకటి పుట్టింది. పురిట్లోనే పోయిందన్నారు, ఏడవనే లేదన్నారు. నాకు మాత్రం ఒక ఏడుపు విన్న గుర్తు. ఒక్కటే. తలుపు మూసినప్పుడు మధ్యలో తెగిపోయిన ఏడుపు. అది దూడ అరుపు, నీకు ఒంటి మీద తెలివి లేదప్పుడు అని అత్త తేల్చేసింది. నా పెళ్ళి చున్నీ ఒకటుండేది, వెండి జరీ అంచున్న పసుపు చున్నీ. నొప్పులు వస్తున్నంతసేపూ దాన్నే పళ్ళ మధ్య బిగపట్టాను. ఆ రోజు తర్వాత అది కనపడలేదు. అడిగితే కుక్క ఎత్తుకుపోయిందంది.

ఆ ఏడు మళ్ళీ నెల తప్పాను. నాలుగో నెల నడుస్తుండగా అత్త నన్ను రాష్ట్రం సరిహద్దు దాటించి, పాడుబడ్డ ఇటుక బట్టీ వెనక ఆగి ఉన్న ఒక వ్యానులోకి ఎక్కించింది. అందులో కడుపులోది చూసే మిషనుంది. ఆ మిషనువాడు చట్టానికి భయపడి నోటితో ఏమీ చెప్పడు. కొడుకైతే లడ్డూలు పంచుకోమంటాడు, కూతురైతే టీ తాగి వెళ్ళమంటాడు. మమ్మల్ని టీ తాగి వెళ్ళమన్నాడు. ఇంటికొచ్చాక అత్త, అహోయీ మర్నాడు పొద్దున్నే అదే వ్యాను మన కాలవ గట్టు దాకా వస్తుంది, స్నానం చేసి ఉండు అంది.

నేను వద్దన్నాను. ఒకసారి కాదు. రోహ్తాస్‌కి ఫోన్ చేసి ఏడిస్తే, అమ్మకి తెలీదా, అమ్మ చెప్పినట్టు చెయ్యి అన్నాడు, వెనక హారన్లు మోగుతుంటే. ఒక మధ్యాహ్నం భతేరీని చంకనేసుకుని బస్సు ఆగే చోటికి వెళ్ళిపోయాను. ముసుగు నిండా ఉన్నా ఊరి మగవాళ్ళు నా పాదాలు చూసి, ఖజానీ కోడలు కదూ అని గుర్తుపట్టి, చాలా మర్యాదగా తెచ్చి ఇంట్లో దింపారు. ఆ రోజు అత్త నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నాకు అన్నం పెట్టి, భతేరీని మాత్రం తన మంచం మీద పడుకోబెట్టుకుంది.

ఇక అహోయీ రోజు.

పొద్దున్నుంచి నేను కూడా నీళ్ళు ముట్టలేదు, ఎవరికీ చెప్పకుండా. భతేరీ కోసం ఒకటి, కడుపులోదాని కోసం ఒకటి అనుకున్నాను. వరి కోతలై పొలాల్లో కొయ్యకాళ్ళు తగలబెట్టే రోజులు. ఊరి చుట్టూ పొగ. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి, మిద్దెల మీద కూర్చున్నట్టుంది. కళ్ళు మండుతున్నాయి, ఉమ్మితే నల్లగా పడుతోంది.

అహోయీ తల్లి బొమ్మ గోడ మీద వెయ్యాలి. జానెడు మేర మట్టీ పేడా కలిపి అలికి, ఆ తడి ఆరకముందే ఎర్ర జాజుతో అమ్మవారిని గీసి, పక్కన ఇంట్లో ఎంతమంది కొడుకులుంటే అన్ని బొమ్మలు గీస్తారు. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే, రోహ్తాస్‌ది. అయితే ఆ రోజు మట్టి తవ్వకూడదు. పూర్వం ఒక తల్లి ఇదే రోజుల్లో మట్టి కోసం తవ్వుతూ, చూసుకోక, బొరియలో ఉన్న ముళ్ళపంది పిల్లల్ని చంపేసిందట. దాని ఉసురు తగిలి ఆమె కొడుకులు వరసగా పోయారట. అందుకని మట్టి ముందు రోజే తెచ్చి పెట్టుకోవాలి. తెచ్చి పెట్టాను కూడా. మా భతేరీ ఆ మట్టినంతా రొట్టెలు చేసి, ఎండకి పెట్టి, బొమ్మలకి వడ్డించేసింది.

అత్త జాజు అడిగి తెస్తానని వీధిలోకి వెళ్ళింది. వచ్చేసరికి గోడ అలికి లేకపోతే తిట్లు పిల్లకి పడతాయి. గోడ వెనకే పొట్టు గది, గేదెలకి గోధుమ పొట్టు నిలవచేసే చీకటి గది. దాని నేల మట్టిదే. ఆ గదిలోంచి పొట్టు తియ్యడానికి అత్త నన్నెప్పుడూ పంపేది కాదు, తనే తీసేది. నడుం పట్టేసినా తనే. అదేదో నా మీద ప్రేమ అనుకున్నాను చాలాకాలం. చూశారా, ప్రేమ లేనిచోట మనిషి దేన్ని పడితే దాన్ని ప్రేమనుకుంటుంది.

చిన్న పార తీసుకుని వెళ్ళాను. నాలుగు దోసిళ్ళ మట్టి చాలు, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. మూల పొట్టు పక్కకి నెడితే కింద నేల మెత్తగా ఉంది. ముక్కిన వాసన, పాత దుమ్ము. మూడో పోటుకి పార దేనికో తగిలి టక్కుమంది.

కుండ. మూతికి మూకుడు బోర్లించి, అంచులు మట్టితో మూసి ఉంది. పార దెబ్బకి మూకుడు కాస్త పగిలింది. ఆ పగుల్లోంచి ఏదో మెరిసింది. వేలు పెట్టి లాగాను.

వెండి జరీ.

పసుపు గుడ్డ వెలిసి మట్టి రంగుకి తిరిగింది గాని, అంచు అంచే. నా పళ్ళగాట్లు కూడా ఉంటాయి వెతికితే. ఆ గుడ్డలో ఏదో చుట్టి ఉంది. చాలా చిన్నది. నేను విప్పలేదు. విప్పలేకపోయాను. ఇప్పటికీ నన్ను కొరికేది అదే.

మా అమ్మమ్మ కాలం ముసలమ్మలు గుసగుసగా చెప్పుకునేవాళ్ళు. ఆడపిల్ల పుడితే కుండలో పెట్టి, నోట్లో ఇంత బెల్లం, చేతిలో ఇంత దూది పెట్టి పూడ్చేవాళ్ళట. బెల్లం తింటూ, నూలు వడుక్కుంటూ అక్కడే ఉండు, నువ్వు మాత్రం తిరిగి రాకు, నీ తమ్ముణ్ణి పంపు అని చెవిలో చెప్పి మరీ మూత పెట్టేవాళ్ళట. ఎప్పటి మాటలో అనుకున్నాను. నా చేతికి తగిలిన కుండకి ఆరేళ్ళు.

మూకుడు ఎత్తి లోపలికి చూశాను. బెల్లం లేదు అందులో. అడుగున తీపి మరక ఉంది అంతే, నాకేసినట్టు. దూది కూడా లేదు. దాని బదులు నూలు ఉంది. సన్నటి, తెల్లటి నూలు, ఉండగా చుట్టి. మా ఇంట్లో రాట్నం లేదు. పుట్టిన పిల్లకి నూలు వడకడం ఎవరు నేర్పారు?

“బీర్మతీ” అని వాకిట్లోంచి అత్త కేక.

నా చేతులు వాటంతటవే పని చేశాయి. మూకుడు పెట్టాయి, మట్టి కప్పాయి, పొట్టు జరిపాయి. మిగిలిన మట్టి తట్టలో ఉంది. ఆ తట్ట పట్టుకుని బయటికొచ్చి, పేడ కలిపి, గోడ అలికాను. నా పిల్ల మీద నుంచి తీసిన మట్టితో, వాళ్ళ కొడుకు చల్లగా ఉండాలని. ముసుగు ఉండబట్టి నా ముఖం అత్తకి కనపడలేదు. ముసుగు వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

అత్త జాజుతో అమ్మవారిని గీసింది. పక్కన ఒక్క కొడుకుని గీసింది. దీపం పెట్టింది. చుక్క కోసం మంచం వాకిట్లోకి లాక్కుని కూర్చుంది.

చుక్క రాలేదు.

ఊరు ఊరంతా మిద్దెలెక్కి తలలెత్తి చూస్తోంది. పొగ కదలదు. ఆరున్నరైంది. ఏడు దాటింది. పక్కిళ్ళవాళ్ళు పంచాంగం చూసి, వేళయింది కదా అని, చుక్క ఉన్నట్టే అనుకుని నీళ్ళొదిలి భోజనాలకి దిగిపోయారు. అత్త ఒప్పుకోలేదు. చుక్క చూడకుండా నీళ్ళు తాగితే తన కొడుక్కి కీడని మంచం కోళ్ళు పట్టుకుని కూర్చుంది. రోహ్తాస్ ఆ వేళకి లారీ మీద ఇంటిదారిలో ఉన్నాడు. ఆ పొగలోనే. అత్త పెదాలు పగిలి ఉన్నాయి. నావీ అంతే, కాని నా సంగతి ఎవరికీ తెలీదు.

అప్పుడు భతేరీ గోడ దగ్గర నిలబడి అంది.

“అమ్మా, వీళ్ళెవరే?”

దీపం వెలుగులో చూశాను. అలికిన తడి మీద, అత్త గీసిన కొడుకు బొమ్మకి అటూ ఇటూ, చేతులున్నాయి. నా బొటనవేలంత చేతులు. నాలుగు. ఎవరో తడి మట్టి మీద అరచెయ్యి నొక్కినట్టు... కాదు. నొక్కితే గుంట పడుతుంది. ఇవి పైకి ఉబ్బి ఉన్నాయి. గోడకి అవతలి పక్క నుంచి నొక్కినట్టు.

అవతలి పక్క పొట్టు గది.

“పిల్ల పనేనా ఇది” అంటూ అత్త లేచి వచ్చింది. వంగి చూసింది. అరచేత్తో గోడని గబగబా పామింది. చదునైంది. చెయ్యి తీసింది. నెమ్మదిగా... ఒక్కొక్క వేలే... మళ్ళీ ఉబ్బాయి.

మళ్ళీ పామింది. మళ్ళీ.

“కోడలా” అంది గొంతు తగ్గించి. “ఈ మట్టి ఎక్కడిది?”

చెప్పనక్కర్లేకపోయింది. గోడ అవతల నుంచి చప్పుడు మొదలైంది. గిర్ర్... ఆగింది. గిర్ర్... రాట్నం తిరుగుతున్నట్టు. ఒకటి కాదు. మొదట ఒకటి, దానికి జతగా ఇంకొకటి. గేదెలు రెండూ కట్టుతాళ్ళు తెంపుకునేలా వెనక్కి లాగుతున్నాయి, అరవడం లేదు. బెల్లం పాకం వాసన... పొయ్యి మీద ఏమీ లేదు.

భతేరీని గదిలో పెట్టి గొళ్ళెం వేశాను. అత్త దీపం తీసుకుని పొట్టు గది వైపు నడిచింది. ఎందుకు వెళ్ళిందో నాకిప్పటికీ తెలీదు. భయపడ్డవాళ్ళు పారిపోతారంటారు గాని, మా అత్త భయమేసినప్పుడల్లా ఎదురెళ్ళి చూసుకునే రకం. నేను వెనకే వెళ్ళాను.

తలుపు తీయగానే చప్పుడు ఆగిపోయింది.

నేను సర్దిన పొట్టు సర్దినట్టు లేదు. మూల నేలంతా తెరిచి ఉంది, వరసగా. కుండల మూతులు కనపడుతున్నాయి. అత్త దీపం ఎత్తి చూసింది. ఆమె పెదాలు కదిలాయి.

“మూడు నావి” అంది, గుసగుసగా. “రోహ్తాస్‌కి ముందు. మా అత్త పెట్టింది. నేను పెట్టలేదు. నన్ను చూడనివ్వలేదు కూడా. ఒక్కదాని ముఖమూ నాకు తెలీదు.”

“నాలుగోది?”

“నీది.” దీపం ఆ కుండ మీదికి దించింది. “అది నేనే పెట్టాను. చెవిలో మాటా నేనే చెప్పాను.”

ఆరేళ్ళుగా వెతుక్కుంటున్న ఆ ఏడుపు నాకు అప్పుడు పూర్తిగా వినపడింది, మధ్యలో తెగకుండా. మా అత్త గొంతు పట్టుకుందామనుకున్నాను. చేతులు లేచాయి కూడా. కాని ఆమె నా వైపు చూడటం లేదు. వేలితో కుండలు లెక్కపెడుతోంది.

“బీర్మతీ... ఇవి ఐదున్నాయేం?”

ఐదోది కొత్త కుండ. ఇంకా ఎర్రగా ఉంది. మూకుడు లేదు. లోపల బెల్లం ముక్క, అప్పుడే అచ్చులోంచి విరిచినట్టు తడిగా ఉంది. పక్కన దూది, తెల్లగా, ఏకిన మబ్బులా. గుడ్డ లేదు. లోపల ఎవరూ లేరు. ఇంకా.

“నేను పెట్టలేదు” అంది అత్త. “రోహ్తాస్ మీద ఒట్టు. నేను పెట్టలేదు.”

సరిగ్గా అప్పుడే ఆమె నడుం దగ్గర ఫోన్ మోగింది. తీసింది. కాస్త చెవుడని ఎప్పుడూ స్పీకరు పెట్టి ఉంచేది.

“అమ్మా” అన్నాడు రోహ్తాస్. గొంతు వింతగా ఉంది. “కాలవ వంతెనకి ఇవతల ఉన్నాను. బండి కదలడం లేదమ్మా. అంటే... కదులుతుంది. ముందు పిల్లలున్నారు. రోడ్డుకడ్డంగా నడుస్తున్నారు. హారన్ కొడితే తప్పుకోరు, తిరిగి చూడరు.”

“ఎంతమంది?” అంది అత్త. అడక్కుండా ఉండాల్సింది.

“నలుగురు. ఆడపిల్లలు. చేతులు పట్టుకుని నడుస్తున్నారు. చివర్లో పిల్ల మాత్రం ఒక చెయ్యి పక్కకి చాపి ఉంచింది, ఎవర్నో పట్టుకున్నట్టు. అక్కడెవరూ లేరమ్మా, ఖాళీ...” ఫోన్లో గరగర. “వాళ్ళు తిరుగుతున్నారు. ఇటు...”

ఫోన్ తెగిపోయింది.

అత్త నేల మీద కూలబడింది. కుండల ముందు చేతులు జోడించింది. వద్దమ్మా, వాడొక్కడేనమ్మా నాకు అని గొణుగుతోంది. నాకూ భయంగానే ఉంది. కాని ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె నాకంటే ఎక్కువ భయపడటం చూశాను. ఆ అదను పోతే మళ్ళీ రాదని నా కడుపులోదే నాకు చెప్పినట్టనిపించింది. ముసుగు వెనక్కి తోశాను.

“రావద్దన్నారు, రాలేదు. తమ్ముణ్ణి పంపమన్నారు, పంపారు. నువ్వూ మీ అత్తా చెప్పినవన్నీ చేశారత్తా” అన్నాను. అప్పటిదాకా మీరు అనే పిలిచాను ఆమెని. “పంపినవాళ్ళకి వెనక్కి పిలుచుకునే హక్కు కూడా ఉంటుంది.”

“ఏం చెయ్యమంటావే?”

“రేపటి వ్యాను రాదు. ఇప్పుడే చెప్పు వాడికి. నా ముందే.”

ఆమె కుండల వంక చూసింది, ఐదోదాని వంక. నంబరు నొక్కింది. వద్దు, రేపు రావద్దు, ఎల్లుండి కూడా వద్దు, ఇంకెప్పుడూ మా గుమ్మం వైపు రావద్దు అని చెప్పింది. అవతలివాడు ఏదో అని నవ్వాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

తర్వాత నేను చెప్పకుండానే లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, జాజులో వేలు ముంచింది. ఉబ్బి ఉన్న ఒక్కొక్క చేతికీ ఒక్కొక్క బొమ్మ గీసింది. పావడా, జడ. మూడు గీసింది. నాలుగోది గీస్తూ ఏడ్చింది. ఐదోదానికి గోడ మీద చెయ్యి లేదు, ఆగి నా కడుపు వైపు చూసి, గీసింది. ఆరోది భతేరీని, గొళ్ళెం తీసి దాన్ని పిలిచి పక్కన నిలబెట్టుకుని గీసింది. అప్పుడు గాలి కొంచెం కదిలింది. పొగలో వేలెడంత సందు తెరుచుకుని, ఒకే ఒక్క చుక్క కనపడింది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. ముందు నేను తాగాను. తర్వాత ఆమె చెంబు అందుకుంది.

రోహ్తాస్ తెల్లారాక వచ్చాడు. పిల్లలు వంతెన దాకా నడిచి, అక్కడ పొగలో కలిసిపోయారట. వంతెన మీద ట్యాంకరొకటి అడ్డంగా తిరగబడి ఉందట. మామూలు వేగంతో వస్తే నేరుగా దానికిందికే అన్నాడు. వాళ్ళు తమ్ముణ్ణి కాపాడారో, బేరమాడారో నాకు తెలీదు. లారీ ముందు అద్దం మీద మట్టి చేతులున్నాయి. అత్త తన కొంగుతో తుడిచింది.

ఐదు నెలలకి నాకు ఆడపిల్ల పుట్టింది. పేరు నేనే పెట్టాను, తారో అని, ఆ చుక్క పేరు. పుట్టినప్పుడు ఎవరూ మిద్దె మీద కంచు పళ్ళెం వాయించలేదు, అది కొడుకులకే. అత్త మాత్రం ఆ పళ్ళెంలోనే పిల్లకి మొదటి స్నానం చేయించింది. ఆ తర్వాత రెండేళ్ళకి పోయింది. పోయేముందు నా చేతిలో పొట్టు గది తాళంచెవి పెట్టింది. కుండల్ని కదపడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. కప్పి, తాళం వేశాం. అప్పట్నించి ఆ తాళం తియ్యలేదు. తాళంచెవి నా నడుముకే ఉంటుంది, నిద్రలో కూడా.

తారోకి ఇప్పుడు ఆరేళ్ళు. మొన్ననే ముందు పన్ను ఊడింది. ఇవాళ అహోయీ. గోడ మీద ఆరుగురు ఆడపిల్లల్నీ ఒక రోహ్తాస్‌నీ గీసి, చుక్క కోసం కూర్చున్నాను. ఈ ఏడు కూడా పొగే. తారో వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. దాని నోరు బెల్లం వాసనేసింది. ఇంట్లో బెల్లం లేదు. నేను తెప్పించను.

ఎవరు పెట్టారమ్మా అని అడిగాను.

“అక్క.”

“భతేరీ అక్కా?”

“కాదు. పెద్దక్క. నా వాటాట. నేను పుట్టకముందు నుంచి దాచిందట.” నాలికతో ఊడిన పంటి సందు తడుముకుంది. “నూలు వడకడం కూడా నేర్పిస్తానంది.”

నడుం తడుముకున్నాను. తాళంచెవి ఉంది. తాళం వేసే ఉంది. అక్క ఎలా ఉంటుందని అడిగాను. ఈ పదమూడేళ్ళలో తండ్రికి కనపడింది, చెల్లెలికి కనపడింది. నాకు మాత్రం ఒక్కసారీ కనపడలేదు. దాని కోసం వాకిట్లో ఎన్ని సాయంత్రాలు ఒక్కదాన్నే కూర్చున్నానో దేవుడికి తెలుసు.

“ముఖం కనపడదమ్మా. పసుపు చున్నీ కప్పుకుని ఉంటుంది. అంచు మెరుస్తుంది. తియ్యవే అంటే తియ్యదు.” తారో నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అంది. “అమ్మ వచ్చి తీస్తేనే తీయించుకుంటుందట.”

ఆ కుండలో ఏ చున్నీ ఉందో నేను ఎవరికీ చెప్పలేదు. తెలిసిన ఒక్క మనిషీ పోయి నాలుగేళ్ళు.

చుక్క ఇంకా పొడవలేదు. తారో ఒళ్ళోనే నిద్రపోయింది. గోడ అవతల చప్పుడు మొదలై చాలాసేపైంది, ఈసారి ఒకటే, నెమ్మదిగా, ఆగి ఆగి, ఎవరికోసమో చూస్తున్నట్టు. తాళంచెవి నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదు.